ఆత్మనింద భక్తి కాదు

ఉదయాన్నే స్నానం ముగించి, దేవుని గదిలో దీపం వెలిగించి, చేతులు జోడించి నిలుచున్నప్పుడు ఆ స్వామితో మీరు ఏమేమి విన్నవించుకుంటారో ఒక్కసారి జ్ఞాపకం చేసుకోండి. "నేను పాపిని, అజ్ఞానిని, నా వల్ల ఎవరికీ ఏ మేలూ లేదు" అని మీ పెదవులు పలుకుతుంటాయా? నైవేద్యం కాస్త అడుగంటితే "నా చేతికి ఏ పనీ రాదు" అని నొచ్చుకుంటారా? పిల్లవాడికి మార్కులు తగ్గితే "నా పెంపకమే ఇంత" అనీ, అప్పు తీర్చడం ఆలస్యమైతే "నా బతుకే ఇంత" అనీ మీలో మీరే గొణుక్కుంటారా?

ఇరుగుపొరుగువారిని పల్లెత్తు మాట అనని సాధుశీలురు సైతం తమను తాము మాత్రం రోజుకు పదిసార్లు తిట్టుకుంటూ ఉంటారు. దానికి మనం పెట్టుకున్న ముద్దుపేరు వినయం. అది నిజంగా వినయమేనా? లేక వినయపు వస్త్రం కప్పుకొని మన పూజాగదిలో ప్రవేశించిన ఆత్మనిందా? ఈ రెండింటినీ వేరుచేసి చూడడం ప్రతి భక్తునికీ అవసరం. ఎందుకంటే వినయం మనిషిని భగవంతునికి దగ్గర చేస్తుంది. ఆత్మనింద మనిషిని తన నుండి, తనవారి నుండి, చివరకు భగవంతుని నుండి కూడా దూరం చేస్తుంది.

నల్లరాతిలో నిప్పు

ఖమ్మం జిల్లాలో, భద్రాద్రి అడవులకు వెళ్ళే దారిలో కారేపల్లి అనే ఊరు ఉంది. సింగరేణి మండలానికి అదే కేంద్రం. డోర్నకల్ నుండి వచ్చే రైలుమార్గం అక్కడ రెండుగా చీలుతుంది. ఒక పాయ ఇల్లెందు బొగ్గుగనుల వైపు సాగుతుంది. మరొకటి కొత్తగూడెంలోని భద్రాచలం రోడ్ స్టేషనుకు చేరుతుంది. అక్కడి నుండి రామయ్య సన్నిధికి సుమారు 40 కిలోమీటర్ల రోడ్డు ప్రయాణం. దసరా రోజులలో ఇదే మండలంలోని ఉసిరికాయలపల్లి కోట మైసమ్మ తల్లి జాతరకు జనం తరలివస్తారు.

ఈ ప్రాంతంలో ఒక కథ చెప్పుకుంటారు. పూర్వం భద్రాచల యాత్రకు బయలుదేరిన భక్తులు ఇల్లెందు దగ్గర రాత్రి విడిది చేశారట. వంట కోసం చుట్టుపక్కల దొరికిన నల్లరాళ్ళు మూడు పేర్చి పొయ్యి పెట్టుకున్నారట. కాసేపటికి కట్టెలతో పాటు ఆ రాళ్ళు కూడా అంటుకుని మండడం చూసి నివ్వెరపోయారట. కథ సంగతి ఎలా ఉన్నా, 1871లో భూగర్భ శాస్త్రవేత్త డాక్టర్ విలియం కింగ్ ఇల్లెందు సమీపాన బొగ్గును కనుగొన్న మాట చరిత్ర. 1889లో అక్కడ తవ్వకాలు మొదలయ్యాయి. కారేపల్లి పక్కనున్న సింగరేణి గ్రామం పేరే నేటి మహాసంస్థకు పేరయింది.

యుగాలుగా ఆ రాళ్ళు ఆ నేలలోనే ఉన్నాయి. వాటిని తొక్కుకుంటూ నడిచినవారు ఎందరో. వాటిలో నిప్పు ఉన్నదని తెలియక ముందు అవి వట్టి నల్లరాళ్ళు. తెలిసిన తరువాత కూడా వాటి రంగు మారలేదు, రూపం మారలేదు. మారినది చూసేవారి చూపు మాత్రమే. ఆ చూపును మీరు మీ వైపు కూడా తిప్పుకోవాలన్నదే ఈ వ్యాసం విన్నపం. అందుకు దారి చూపగలవారు ఈ అడవి అంచునే, ఈ రామకథలోనే ఉన్నారు.

శబరి దీనురాలు కాదు

శబరి పేరు చెప్పగానే మీ మనసులో ఏ రూపం మెదులుతుంది? వణికే చేతులతో పండ్లు కొరికి చూసి, తాను తక్కువదానినని కుంచించుకుపోయే ఒక ముదుసలి. ఎంగిలి పండ్ల ఘట్టం భక్తి లోకంలో మధురమైనదే. కానీ అది వాల్మీకి రామాయణంలో కనిపించదు. ఆదికవి అరణ్యకాండలో చూపిన శబరి వేరు. పంపా సరస్సుకు పశ్చిమాన మతంగ మహర్షి ఆశ్రమంలో గురుసేవ చేసి సిద్ధి పొందిన తపస్విని ఆమె. రామలక్ష్మణులను చూడగానే లేచి, పాదాలకు నమస్కరించి, అర్ఘ్యపాద్యాలిచ్చి విధివిధానంగా ఆతిథ్యం ఇచ్చింది.

అప్పుడు శ్రీరాముడు ఏమన్నాడో గమనించండి. నీ కులమేమిటి, నీకు ఏమి వచ్చు, ఏమి లేదు అని అడుగలేదు. తపస్సుకు విఘ్నాలు తొలగాయా, కోపం అదుపులో ఉందా, మనసుకు సుఖంగా ఉందా, గురుసేవ ఫలించిందా అని ఆప్యాయంగా కుశలమడిగాడు. దానికి శబరి "నాకేమి తపస్సు స్వామీ, నేనెంతదాన్ని" అని తప్పించుకోలేదు. నీ దర్శనంతో నా తపస్సు ఫలించింది, నా జన్మ సఫలమైంది, నీ కోసం ఈ వనంలోని ఫలాలను సేకరించి ఉంచాను అని చెప్పింది. అంతటితో ఆగక తానే ముందు నడిచి మతంగవనాన్ని రామునికి చూపించింది. గురువులు చెట్లపై ఆరవేసిన నారచీరలు ఇంకా తడి ఆరకపోవడం, వారు అర్పించిన పువ్వులు వాడకపోవడం అన్నీ వివరించింది. సాక్షాత్తు శ్రీరామచంద్రునికి దారి చూపిన ఆ తల్లి నోట తన గురించి ఒక్క నిందావాక్యం లేదు. గర్వమూ లేదు.

తన తపస్సు ఫలమని చెప్పుకొన్నది, ఆ ఫలానికి కారణం రాముడని కూడా చెప్పుకొన్నది. ఇదే వినయం. చేసిన పనిని కాదనడం వినయం కాదు. చేయించినవానిని మరువకపోవడమే వినయం.

దమ్మక్క తాటిపండు

వాల్మీకి చెప్పిన శబరి నుండి మన భద్రగిరికే వద్దాం. ఒడిశా కొండలలో పుట్టి కూనవరం దగ్గర గోదావరిలో కలిసే నదికి కూడా శబరి అనే పేరు. ఆ నదీతీరాల గిరిజన సంప్రదాయం నుండి వచ్చిన మరొక మాతృమూర్తి పోకల దమ్మక్క. భద్రిరెడ్డిపాలెంలో నివసించిన ఆమెకు కలలో స్వామి కనిపించి భద్రగిరిపై తాను ఉన్న చోటు చెప్పాడని స్థలపురాణం. ఆమె అడవిలోకి వెళ్ళి, గోదావరి నీళ్ళతో పుట్టను కరిగించి, మూర్తులను దర్శించి, తాటాకుల పందిరి వేసి, తాటిపండు నివేదించిందని భక్తులు చెప్పుకుంటారు.

ఒక్క నిమిషం ఆలోచించండి. మేల్కొన్న తరువాత దమ్మక్క "ఇంతమంది పండితులుండగా స్వామి నా కలలోకి ఎందుకు వస్తాడు? నాకు మంత్రం రాదు, గుడి కట్టే సొమ్ము లేదు, నెయ్యితో ప్రసాదం చేసే తాహతు లేదు" అని మళ్ళీ పడుకొని ఉంటే? ఆమె తన లేమిని లెక్కపెట్టుకుంటూ కూర్చోలేదు. ఉన్న నీళ్ళు తెచ్చింది, ఉన్న ఆకులు కప్పింది, ఉన్న పండు పెట్టింది. రాతి గోపురం తరువాత వచ్చింది. దాని కంటే ముందు తాటాకు పందిరి ఉన్నది. మీ వంతు సేవకు మీ దగ్గర లేనిదాని గురించి దిగులు పడుతున్నారా? ఉన్నదేదో ముందు పళ్ళెంలో పెట్టండి.

దైన్యానికి తోడు విశ్వాసం

"మరి మన భక్తులందరూ తమను తాము నీచులమని, పాపులమని చెప్పుకున్నారు కదా" అని మీరు ప్రశ్నించవచ్చు. న్యాయమైన ప్రశ్న. వైష్ణవ సంప్రదాయంలో శరణాగతికి ఆరు అంగాలు చెప్పారు. స్వామికి అనుకూలంగా నడవాలన్న సంకల్పం, ప్రతికూలమైనదానిని విడిచిపెట్టడం, ఆయన తప్పక రక్షిస్తాడన్న మహావిశ్వాసం, రక్షకునిగా ఆయననే వరించడం, తనను తాను సమర్పించుకోవడం, కార్పణ్యం అంటే తన అశక్తతను విన్నవించుకోవడం. ఆరింటిలో కార్పణ్యం ఒకటి మాత్రమే. దాని పక్కనే మహావిశ్వాసం ఉంది. మనం చేస్తున్న పొరపాటు ఏమిటంటే, విశ్వాసాన్ని విడిచి కార్పణ్యాన్ని ఒక్కదానినే పట్టుకోవడం. "నా వల్ల కాదు" అన్న తరువాత "నీవున్నావు" అనే మాట రావాలి. అది రాకపోతే ఆ పలుకు శరణాగతి కాదు, కేవలం నిరాశ.

నేలకొండపల్లిలో పుట్టిన కంచెర్ల గోపన్న జీవితమే ఇందుకు సాక్ష్యం. అబుల్ హసన్ తానీషా కాలంలో పాల్వంచ పరగణాకు తహశీల్దారుగా ఉండి, భద్రగిరిలో ఆలయం నిర్మించి, సర్కారు సొమ్ము వాడాడన్న అభియోగంపై గోల్కొండ చెరలో మగ్గినవాడు ఆయన. ఉద్యోగం పోయింది, పరువు పోయింది, శరీరం దెబ్బలతో నలిగింది. అటువంటి స్థితిలో ఆయన పాడిన కీర్తనలను గుర్తు చేసుకోండి. కొన్నిటిలో దైన్యం ఉంది. కొన్నిటిలో చేయించిన నగల లెక్కలు చెప్పి స్వామినే నిలదీసిన చనువు ఉంది. ఆ వెంటనే దెబ్బల బాధకు అలా అన్నానని మన్నింపు వేడిన మృదుత్వం ఉంది. స్వామి వినకపోతే సీతమ్మ తల్లితో సిఫారసు చేయించుకున్న బిడ్డతనం ఉంది. ఎక్కడా "నేను నీవాడను కాను, నాకు అడిగే హక్కు లేదు" అన్న మాట లేదు. కోపం వచ్చినందుకు తనను తాను ద్వేషించుకోలేదు. తప్పును ఒప్పుకున్నాడు, మన్నింపు కోరాడు, మళ్ళీ పాడాడు. చెరసాలలో కూడా ఆయన సంబంధం తెగలేదు. ఆ సంబంధమే ఆయన ఆత్మవిశ్వాసం.

భగవద్గీత ఆరవ అధ్యాయంలో మనిషి తనకు తానే బంధువు కాగలడనీ, తానే శత్రువూ కాగలడనీ శ్రీకృష్ణ పరమాత్మ హెచ్చరించాడు. పదిహేడవ అధ్యాయంలో మరింత గంభీరమైన మాట చెప్పాడు. శాస్త్రం చెప్పని ఘోర తపస్సులతో శరీరాన్ని హింసించుకునేవారు లోపల అంతర్యామిగా ఉన్న తననే హింసిస్తున్నారని ఆ మాట సారాంశం. శరీరానికి చెప్పినది మనసుకు వర్తించదా? మిమ్మల్ని మీరు కఠినంగా తిట్టుకునే ప్రతిసారీ, ఆ తిట్టు లోపల ఉన్న స్వామికి కూడా తగులుతుందని తలచండి. గుడిలో విగ్రహం ముందు ఉచ్చరించడానికి వెనుకాడే మాటను, హృదయంలోని దేవుని ముందు ఎలా ఉచ్చరిస్తాం?

పది యోజనాల వానరుడు

కిష్కింధాకాండ చివర సముద్రతీరాన వానరవీరులు కూర్చున్న సన్నివేశం తెలుసు కదా. సముద్రం నూరు యోజనాలు. ఎవరు ఎంత దూకగలరో చెప్పమని అంగదుడు అడిగాడు. గజుడు పది యోజనాలు అన్నాడు. గవాక్షుడు ఇరవై అన్నాడు. అలా ఒక్కొక్కరూ తమ కొలత చెప్పారు. పది అన్నవాడు సిగ్గుతో తలవంచుకోలేదు. ఇరవై అన్నవాడు అతణ్ణి చూసి నవ్వలేదు. జాంబవంతుడు లేచి, ఒకనాడు త్రివిక్రమునికి ప్రదక్షిణం చేసిన తాను ఇప్పుడు వృద్ధుడనైనాననీ, తొంభై యోజనాలు పోగలననీ చెప్పాడు. యౌవనంలోని బలం పోయిందని ఏడవలేదు. ఉన్న తొంభైని దాచుకోలేదు. తన కొలతను ఉన్నది ఉన్నట్లు చెప్పగలగడమే ఆత్మవిశ్వాసానికి మొదటి మెట్టు. రిటైరైన తరువాత "ఇక నేను ఎందుకూ పనికిరాను" అని మూలన కూర్చునే పెద్దలు జాంబవంతుణ్ణి ఒకసారి స్మరించాలి.

ఆ వృద్ధుడే తరువాత మౌనంగా ఒక పక్కన కూర్చున్న హనుమంతుని దగ్గరకు వెళ్ళాడు. ఎందుకు మాట్లాడవని గద్దించలేదు. నీవు ఎవరి కుమారుడవో, బాల్యంలో ఏమి చేశావో గుర్తుచేశాడు. ఆ మాటలకే హనుమ పెరిగాడు. మీ ఇంట్లో మౌనంగా మూలన కూర్చున్న పిల్లవాడికి మీరు ఏ మాట చెబుతున్నారు? "పక్కింటి అబ్బాయిని చూడు" అంటున్నారా? "నీలో ఉన్నది నాకు తెలుసు" అంటున్నారా?

ఇంకా వెదకని వనం

ఇది మాటల ముచ్చట కాదు, ప్రాణాల సంగతి. 2019 ఏప్రిల్‌లో ఇంటర్మీడియట్ ఫలితాలు వెలువడిన తరువాత తెలంగాణలో ఇరవై మందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారు. వారిలో ఎన్ని ఇళ్ళలో ప్రతి శనివారం హనుమాన్ చాలీసా వినిపించి ఉంటుందో! అటువంటి బిడ్డలకు మనం చెప్పని ఘట్టం ఒకటి సుందరకాండలో ఉంది.

లంకంతా వెదకినా హనుమంతునికి సీతమ్మ కనిపించలేదు. అంతటి మహావీరుడూ నీరుగారిపోయాడు. వట్టి చేతులతో తిరిగి వెళితే రాముడు బ్రతకడు, లక్ష్మణుడు బ్రతకడు, సుగ్రీవుడు, వానరులు ఎవరూ మిగలరు అని ఒకదాని వెంట ఒకటిగా అనర్థాలను ఊహించుకున్నాడు. తిరిగి వెళ్ళకుండా ఇక్కడే ప్రాణం విడుస్తానని కూడా తలచాడు. పరీక్ష తప్పిన బిడ్డ మనసు నడిచే తోవ అచ్చంగా ఇదే. "అమ్మకు ముఖం ఎలా చూపను, నాన్న ఏమవుతాడు, నేను లేకపోతేనే మేలు" అని.

అక్కడ హనుమ ఆగాడు. ప్రాణం విడవడంలో అనేక దోషాలున్నాయనీ, జీవించి ఉన్నవాడే శుభాలను చూడగలడనీ నిశ్చయించుకున్నాడు. తనను తాను మూర్ఖుడవని తిట్టుకోలేదు. నేను వెదకనిది ఇంకా ఏమైనా మిగిలిందా అని చూశాడు. చెట్లతో నిండిన అశోకవనం కనిపించింది. దేవతలకు, రామలక్ష్మణులకు, సీతాదేవికి నమస్కరించి లోపలికి వెళ్ళాడు. సీతమ్మ ఉన్నది అక్కడే. నిరాశకు లోనుకాని గుణాన్ని వాల్మీకి అనిర్వేదం అన్నాడు. అది నిరాశే కలగనివారి సొత్తు కాదు. కలిగిన నిరాశను దాటి లేచినవారిది.

ఆ తరువాత ఆయన సీతమ్మతో అన్న మాట కూడా గమనించండి. సుగ్రీవుని దగ్గర తనతో సమానులూ, తనకంటే అధికులూ ఉన్నారనీ, తనకంటే తక్కువవాడు ఒక్కడూ లేడనీ చెప్పాడు. ఎందుకు? దుఃఖంలో ఉన్న తల్లికి ధైర్యం కలగడానికి. హనుమంతుని వినయం ఎదుటివారికి బలమిచ్చింది. మన ఆత్మనింద ఇంటిల్లిపాదికీ ఉన్న బలాన్ని హరిస్తున్నది. రెండింటికీ ఉన్న తేడాను కొలవడానికి ఇంతకంటే మంచి గీటురాయి లేదు.

ఇంట ఆచరించదగినవి

మొదటిది, రాత్రి నిద్రకు ముందు దీపం దగ్గర రెండు నిమిషాలు కూర్చోండి. ఆ రోజు చేసిన ఒక మంచి పనిని పేరు పెట్టి స్వామికి అర్పించండి. జరిగిన ఒక పొరపాటును ఒప్పుకోండి. రేపు దానిని ఎలా దిద్దుకుంటారో ఒక్క వాక్యంలో చెప్పండి. అంతే. పొరపాటును పనికే పరిమితం చేయండి. "మాట తూలాను" అనండి, "నేను చెడ్డదాన్ని" అనకండి.

రెండవది, చిన్న నియమం ఒకటి పట్టండి. కోరుకొండ ప్రాంతపు భక్తులు సీతారాముల కల్యాణానికి గోటితో వడ్లు ఒలిచి తలంబ్రాలు తెస్తారని మీకు తెలిసే ఉంటుంది. ఒక్కొక్క గింజే ఒలిచినా చివరికి కల్యాణానికి అందుతాయి. రోజుకు పది నిమిషాల పారాయణమో, నడకో, చదువో తప్పకుండా సాగించండి. నిలబెట్టుకున్న చిన్న మాటలే మీపై మీకు నమ్మకాన్ని పెంచుతాయి. ఒక రోజు తప్పితే వ్రతం చెడిందని విడిచిపెట్టక, మరునాడు మళ్ళీ మొదలుపెట్టండి.

మూడవది, మిమ్మల్ని మీరు తిట్టుకోబోయే వేళ, అదే తప్పు మీ చెల్లెలో, మనుమడో చేసి మీ దగ్గరకు వస్తే ఏమంటారో తలచుకోండి. ఆ మాటే మీకు మీరు చెప్పుకోండి. సర్వభూతాలపై దయ చూపమని పెద్దలు చెప్పారు. ఆ సర్వభూతాలలో మీరూ ఒకరు.

నాలుగవది, భారం మించినప్పుడు నోరు విప్పండి. రామదాసు సీతమ్మను ఆశ్రయించాడు. మీరు ఇంటిలోని పెద్దలకో, నమ్మిన స్నేహితులకో, వైద్యులకో చెప్పండి. బ్రతకాలనిపించని ఆలోచన మీకు గానీ, మీ ఇంట మరెవరికైనా గానీ వస్తే ఒక్క గడియ కూడా ఆలస్యం చేయకండి. 2022 అక్టోబర్‌లో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలీ మానస్ సేవ 14416 నంబరుపై ఉచితంగా అందుతున్నది. సహాయం కోరడం విశ్వాసం లేకపోవడం కాదు. హనుమకు కూడా జాంబవంతుడు కావలసి వచ్చాడు.

ఈసారి మీరు భద్రాద్రి యాత్రకు బయలుదేరి, మీ రైలు కారేపల్లిలో ఆగితే, కిటికీలోంచి ఒకసారి బయటకు చూడండి. ఒక దారి నల్లరాతిలో నిప్పు దొరికిన చోటికి వెళుతుంది. మరొకటి తాటాకు పందిరి కింద స్వామి వెలసిన చోటి వైపు సాగుతుంది. సన్నిధి చేరాక రాముని ఎదుట తలవంచండి. మీ లోపాలన్నీ విన్నవించుకోండి. కానీ ఆయన శబరిని అడిగినట్లే మిమ్మల్ని కూడా "మనసుకు సుఖంగా ఉందా తల్లీ, నాయనా" అని అడుగుతున్నాడని మరువకండి. ఆ ప్రశ్నకు నిందతో కాక, నిజంతో బదులు చెప్పండి. అందరికీ శ్రీరామరక్ష.